‘సెడ్’, ‘థాట్’ తర్వాత ‘హ్యాడ్’ ఎక్కడ వేయాలి, ఎక్కడ వద్దు

ఇతరులు ఇంగ్లీషులో రాసిన రిపోర్టులు సరిదిద్దడం నా ఉద్యోగం. ఏదో జరుగుతుంది. చూసినవాళ్ళూ విన్నవాళ్ళూ చెబుతారు. ఎవరో ఒకరు దాన్ని ఇంగ్లీషులో పెడతారు. ఆ కాగితం నా దగ్గరికి వస్తుంది. స్పెల్లింగు తప్పులు ఇప్పుడు పెద్దగా ఉండవు, కంప్యూటరే పట్టేస్తోంది. అది చాలాసార్లు వదిలేసే తప్పు మాత్రం ఒకటుంది. ‘సెడ్’, ‘టోల్డ్’, ‘థాట్’, ‘రియలైజ్డ్’ లాంటి మాటల తర్వాత ‘హ్యాడ్’ ఉండాల్సిన చోట ఉండదు, అక్కర్లేని చోట ఉంటుంది. వాక్యం చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది, అర్థమే మారిపోతుంది.

షి సెడ్ షి వజ్ ఇల్.
షి సెడ్ షి హ్యాడ్ బీన్ ఇల్.

మొదటి వాక్యంలో, ఆమె ఆ మాట చెప్పే సమయానికి ఒంట్లో బాగాలేదు. రెండోదాంట్లో అంతకుముందు బాగాలేదు, చెప్పేనాటికి కోలుకుని ఉండవచ్చు. సెలవు మంజూరు చేయాల్సిన మనిషికి ఈ రెండూ ఒకటి కావు. అందుకే ఈ విషయాన్ని నేను చాదస్తంగా పట్టించుకుంటాను, మీరూ పట్టించుకోవాలని కోరుకుంటాను.

రూపం దగ్గర ఆగాల్సిన పనిలేదు. హ్యాడ్ పక్కన క్రియ మూడో రూపం, అంటే మనం బడిలో వీ త్రీ అని నేర్చుకున్నది. గ్రామర్ పుస్తకాలు దీన్నే పాస్ట్ పర్ఫెక్ట్ అంటాయి. హ్యాడ్ వెంట్, హ్యాడ్ టుక్, హ్యాడ్ బ్రోక్ అని రాసేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. అవి హ్యాడ్ గాన్, హ్యాడ్ టేకెన్, హ్యాడ్ బ్రోకెన్. ఇక అసలు చిక్కులోకి వెళ్దాం.

మనకి ఇది ఎందుకు తడబాటు అంటే, తెలుగులో ‘అని’ ఉంది. ఎవరైనా అన్న మాటని అన్నట్టే తెచ్చి వాక్యంలో కూర్చోబెడుతుంది. “జ్వరంగా ఉందని చెప్పింది” అంటాం. ఆమె నోట వచ్చింది “జ్వరంగా ఉంది” అనే మాటే. చెప్పడం నిన్న జరిగినా, నిరుడు జరిగినా లోపలి ‘ఉంది’ కదలదు. “తాళం వేశానని చెప్పాడు”, “వస్తానని చెప్పాడు” కూడా అంతే. ఇంగ్లీషులో అలా కాదు. బయటి క్రియ ‘సెడ్’ అయ్యేసరికి లోపలి క్రియ కూడా ఒక అడుగు వెనక్కి జరుగుతుంది. తెలుగు అలవాటుతో లోపలి కాలాన్ని అలాగే ఉంచేస్తే “షి సెడ్ షి ఈజ్ ఇల్”, “హి సెడ్ హి లాక్డ్ ద డోర్” అని వస్తాయి. రెండోది తప్పని అనలేం, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఎంత అడుగు వెనక్కి జరపాలో తేల్చుకోవడానికి నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే. చెప్పిన క్షణంలో, లేదా అనుకున్న క్షణంలో, ఆ సంగతి అప్పటికే జరిగిపోయిందా, అప్పుడు ఉన్నదా, ఇంకా జరగాల్సి ఉందా? జరిగిపోయి ఉంటే హ్యాడ్ పెట్టి వీ త్రీ. అప్పుడు ఉన్నదైతే సింపుల్ పాస్ట్, అంటే క్రియ రెండో రూపం, లేదా వజ్ పెట్టి ఐఎన్‌జీ. జరగాల్సి ఉంటే వుడ్. ఈ రోజు నుంచి వెనక్కి చూసి లెక్క కట్టకూడదు. ఈ రోజు నుంచి చూస్తే అన్నీ గతమే, అన్నిటికీ హ్యాడ్ పెట్టాలనిపిస్తుంది. ‘సెడ్’ దగ్గర నిలబడి అక్కడి నుంచి చూడాలి.

కొలంబస్ కథ దీనికి చక్కగా సరిపోతుంది. 1492 ఆగస్టులో స్పెయిన్ నుంచి పడమరగా బయలుదేరాడు. అప్పటి అతని మనసు గురించి రాయాలంటే:

కొలంబస్ థాట్ హి వుడ్ రీచ్ ఏషియా.

అక్టోబరు 12న ఇప్పటి బహామాస్‌లోని ఒక దీవి మీద అడుగుపెట్టాడు. అప్పటి ఆలోచన రాయాలంటే:

కొలంబస్ థాట్ హి హ్యాడ్ రీచ్డ్ ఏషియా.
కొలంబస్ థాట్ హి వజ్ ఇన్ ఏషియా.

మనిషి ఒక్కడే, ‘థాట్’ కూడా మారలేదు. ఆ ఆలోచన ఏ రోజుదన్నదాన్ని బట్టి లోపలి క్రియ మారింది. చివరి రెండు వాక్యాలూ ఒకే రోజువి. చేరుకోవడం అప్పటికే అయిపోయింది కాబట్టి హ్యాడ్ రీచ్డ్. అక్కడ ఉండడం ఆ క్షణానిది కాబట్టి వజ్. అతను చేరింది ఏషియా కాదన్న నిజానికి ఈ వ్యాకరణంతో సంబంధం లేదని కూడా చూడండి. అతని తలలో అది జరిగిపోయిన పని, అంతవరకే లెక్క.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చే రకం రిపోర్టు ఒకటి దగ్గరగా చూద్దాం. నమూనా కోసం నేనే అల్లాను, తప్పులు మాత్రం రోజూ చూసేవే.

ఐ రీచ్డ్ ద ఆఫీస్ ఎట్ నైన్. ద గార్డ్ టోల్డ్ దట్ సమ్‌బడీ బ్రోక్ ద విండో. ఐ చెక్డ్ ద రూమ్ అండ్ రియలైజ్డ్ దట్ ద ల్యాప్‌టాప్ ఈజ్ మిస్సింగ్. ఐ థాట్ రవి టుక్ ఇట్ హోమ్. ఐ హ్యాడ్ కాల్డ్ హిమ్. హి సెడ్ హి లెఫ్ట్ ఇట్ ఆన్ ద టేబుల్ యెస్టర్‌డే.

మొదటి వాక్యం బాగుంది. ఎవరూ ఏమీ చెప్పలేదు, అనుకోలేదు. కథ అక్కడ మొదలైంది, సింపుల్ పాస్ట్ చాలు.

రెండోదాంట్లో గార్డు చెప్పేసరికే కిటికీ పగిలి ఉంది. కాబట్టి ‘హ్యాడ్ బ్రోకెన్’. దాంతోపాటు ‘టోల్డ్’ పక్కన ఎవరికి చెప్పాడో ఉండి తీరాలి, ‘టోల్డ్ మీ’. మనిషిని చెప్పకుండా రాయాలంటే ‘సెడ్’ వాడుకోండి. ఈ పొరపాటు హ్యాడ్‌కి సంబంధించింది కాకపోయినా ఎప్పుడూ దాని వెంటే వస్తుంది.

మూడోది జాగ్రత్తగా చూడండి. హ్యాడ్ గురించి కొత్తగా నేర్చుకున్నవాళ్ళు ఇక్కడ ‘హ్యాడ్ బీన్ మిస్సింగ్’ అని రాస్తారు. వద్దు. నేను గమనించిన క్షణంలో ల్యాప్‌టాప్ అక్కడ లేదు. ఆ లేకపోవడం ఆ క్షణానిదే. ‘ఈజ్’ని ‘వజ్’ చేస్తే సరిపోతుంది. ‘సెడ్’, ‘రియలైజ్డ్’ కనిపించగానే కళ్ళు మూసుకుని హ్యాడ్ వేయడం, అసలు వేయకపోవడం, ఈ రెండూ ఒకే అజాగ్రత్త నుంచి పుట్టేవి.

నాలుగోది, ‘ఐ థాట్ రవి హ్యాడ్ టేకెన్ ఇట్ హోమ్’. నేను అనుకునేసరికి తీసుకెళ్ళడం అయిపోయింది, నా ఊహలో.

ఐదోదాంట్లో ఉన్న హ్యాడ్‌ని కొట్టేయాలి. ‘ఐ కాల్డ్ హిమ్’. ఫోను చేయడం, అనుకోవడం తర్వాత జరిగిన పని. కథ ముందుకి నడుస్తోంది, వెనక్కి చూడ్డం లేదు. మన ఇంగ్లీషులో ఈ అలవాటు బాగా పాతుకుపోయింది. ‘ఐ హ్యాడ్ గాన్ దేర్ యెస్టర్‌డే’, ‘ఐ హ్యాడ్ సెంట్ యు ఎ మెయిల్’ అని, పక్కన వేరే సంఘటనేదీ లేకుండానే వాడేస్తాం. హ్యాడ్ పెడితే మర్యాదగా, బరువుగా వినిపిస్తుందనో ఏమో. వినేవాడు మాత్రం ‘దేనికంటే ముందు?’ అని ఎదురుచూస్తాడు. ముందు అనడానికి ఇంకో గతం లేనప్పుడు హ్యాడ్‌కి పనిలేదు.

చివరిది, ‘హి సెడ్ హి హ్యాడ్ లెఫ్ట్ ఇట్ ఆన్ ద టేబుల్ ద డే బిఫోర్’. రవి మాట్లాడిన రోజుకి అది నిన్న. రిపోర్టు చదివేవాడికి అది నిన్న కాదు. కాబట్టి ‘యెస్టర్‌డే’ కూడా ‘ద డే బిఫోర్’ అవుతుంది. అలాగే ‘టూ డేస్ ఎగో’ అన్నది ‘టూ డేస్ బిఫోర్’, ‘లాస్ట్ వీక్’ అన్నది ‘ద వీక్ బిఫోర్’. ఆ రోజే రాసి ఆ రోజే చదివే మెసేజ్‌లో అయితే ‘యెస్టర్‌డే’ ఉంచుకోవచ్చు.

సరిచేశాక ఇలా ఉంటుంది:

ఐ రీచ్డ్ ద ఆఫీస్ ఎట్ నైన్. ద గార్డ్ టోల్డ్ మీ దట్ సమ్‌బడీ హ్యాడ్ బ్రోకెన్ ద విండో. ఐ చెక్డ్ ద రూమ్ అండ్ రియలైజ్డ్ దట్ ద ల్యాప్‌టాప్ వజ్ మిస్సింగ్. ఐ థాట్ రవి హ్యాడ్ టేకెన్ ఇట్ హోమ్. ఐ కాల్డ్ హిమ్. హి సెడ్ హి హ్యాడ్ లెఫ్ట్ ఇట్ ఆన్ ద టేబుల్ ద డే బిఫోర్.

హ్యాడ్ లేకపోయినా నడిచే చోట్లు

‘హి సెడ్ హి లాక్డ్ ద డోర్’ తప్పు కాదన్నాను కదా. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళు మాటల్లో ఇలాంటిచోట హ్యాడ్ వదిలేయడం మామూలే. తలుపు తాళం వేయడం ఒక్క చేతి పని. చెప్పేసరికి అయిపోయి ఉంటుందని ఎవరికైనా తెలుస్తుంది. ‘బిఫోర్’, ‘ఆఫ్టర్’ లాంటి మాటలు వరసని ముందే చెప్పేస్తే కూడా వదిలేయవచ్చు. తేదీ చెప్పే చరిత్ర విషయాలకీ అంతే. ‘షి సెడ్ ద టైటానిక్ శాంక్ ఇన్ 1912’ అంటే చాలు. ఎప్పటికీ నిజమైనవాటిని అసలు కదపక్కర్లేదు. ‘ద టీచర్ సెడ్ దట్ ద ఎర్త్ గోస్ రౌండ్ ద సన్’.

అయితే ఒక మెలిక ఉంది, దీన్ని చాలామంది గమనించరు.

హి సెడ్ హి వాక్డ్ టు వర్క్.

ఇది “ఈ రోజు నడిచి వచ్చాను” అన్న మాటా, “నేను రోజూ నడిచే వస్తాను” అన్న మాటా? రెండూ కావచ్చు. ‘ఐ వాక్ టు వర్క్’ అన్నది ఒక అడుగు వెనక్కి జరిగినా ‘వాక్డ్’ అవుతుంది, ‘ఐ వాక్డ్’ అన్నదాన్ని కదపకుండా ఉంచినా ‘వాక్డ్’ అవుతుంది. ‘హ్యాడ్ వాక్డ్’ అంటే ఆ సందేహం తీరిపోతుంది. ‘వజ్’, ‘న్యూ’, ‘లివ్డ్’, ‘వాంటెడ్’ లాంటి స్థితిని చెప్పే క్రియలతో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. నా సలహా ఇది: మాట్లాడేటప్పుడు నాలుక మీదికి వచ్చినట్టు పోనివ్వండి. రాసేటప్పుడు, ముఖ్యంగా ఎవరు ఎప్పుడు ఏం చేశారన్నది తేలాల్సిన కాగితంలో, హ్యాడ్‌ని వదలకండి.

ఆ మాట ఎందుకంత గట్టిగా అంటున్నానో ఈ రెండూ చూస్తే తెలుస్తుంది.

హి సెడ్ హి డిడ్ నాట్ నో అబౌట్ ద లీక్.
హి సెడ్ హి హ్యాడ్ నాట్ నోన్ అబౌట్ ద లీక్.

మొదటి మనిషికి, అడిగిన రోజున కూడా లీకు సంగతి తెలియదు. రెండో మనిషికి ఆ రోజుకి తెలుసు, జరిగినప్పుడు తెలియదంటున్నాడు. ఇలాంటిచోట నేను ఊహించి దిద్దను. రాసినవాళ్ళని పిలిచి, ఆయన నోట ఏ మాట వచ్చిందో అడిగి అప్పుడు కలం పెడతాను.

మనసు క్రియల్లో తేడాలు

‘థాట్’, ‘రియలైజ్డ్’, ‘రిమెంబర్డ్’, ‘న్యూ’ అన్నీ ఒకే గుంపులో వేసి చెబుతారు గానీ ఒక్కోదానిది ఒక్కో స్వభావం.

‘ఐ థాట్ యు హ్యాడ్ లెఫ్ట్’ అంటే సాధారణంగా మీరు వెళ్ళలేదని ఇప్పుడు తెలిసిందన్న మాట. “వెళ్ళిపోయారనుకున్నాను” అని తెలుగులో అన్నప్పుడు కూడా ఇదే ధ్వని కదా. ‘ఐ రియలైజ్డ్ యు హ్యాడ్ లెఫ్ట్’ అంటే మాత్రం మీరు నిజంగానే వెళ్ళిపోయారు. ‘న్యూ’, ‘డిస్కవర్డ్’, ‘ఫౌండ్ అవుట్’, ‘నోటీస్డ్’ కూడా రియలైజ్డ్ వైపే. రిపోర్టులో ‘థాట్’కి బదులు ‘రియలైజ్డ్’ పడితే ఒక అనుమానం రుజువైపోయినట్టు అవుతుంది.

కనుక్కోవడం, గమనించడం చెప్పే క్రియల పక్కన హ్యాడ్ చాలా సహజంగా కుదురుతుంది. కళ్ళ ముందున్న ఆనవాలుని చూసి, అంతకుముందు జరిగినదాన్ని పట్టుకుంటాం కాబట్టి. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ సెలవుల నుంచి తిరిగి వచ్చి, బాక్టీరియా పెంచుతున్న ప్లేట్లు చూశాడు. ‘హి నోటీస్డ్ దట్ ఎ మౌల్డ్ హ్యాడ్ గ్రోన్ ఆన్ వన్ ఆఫ్ ద ప్లేట్స్.’ బూజు పెరగడం అతను లేనప్పుడు జరిగింది, గమనించడం వచ్చాక. పెన్సిలిన్ కథ అక్కడే మొదలైంది. ‘హి నోటీస్డ్ దట్ ఎ మౌల్డ్ వజ్ గ్రోయింగ్’ అంటే చూస్తున్నప్పుడు కూడా ఇంకా పెరుగుతోందని. ‘ఎ మౌల్డ్ గ్రూ’ అంటే ఏదీ తేలదు.

‘రిమెంబర్డ్’తో రెండు దారులున్నాయి. ‘ఐ రిమెంబర్డ్ దట్ ఐ హ్యాడ్ లాక్డ్ ద డోర్’ అనొచ్చు, ‘ఐ రిమెంబర్డ్ లాకింగ్ ద డోర్’ అనీ అనొచ్చు. ‘ఐ రిమెంబర్డ్ టు లాక్’ అంటే మాత్రం మర్చిపోకుండా తాళం వేశానని, అది వేరే అర్థం. ‘ఫర్‌గాట్’ కూడా ఇలాగే మోసం చేస్తుంది. ‘ఐ ఫర్‌గాట్ దట్ ఐ హ్యాడ్ పెయిడ్’ అంటే కట్టేశాను, కట్టిన సంగతే మర్చిపోయాను. ‘ఐ ఫర్‌గాట్ టు పే’ అంటే అసలు కట్టలేదు.

‘హోప్డ్’ తర్వాత ఎక్కువగా వుడ్ వస్తుంది, ఆశ ముందున్న దాని మీదే కాబట్టి. కానీ ‘వి హోప్డ్ షి హ్యాడ్ రీచ్డ్ సేఫ్లీ’ కూడా సరైనదే. చేరడం చేరకపోవడం అప్పటికే తేలిపోయింది, మనకే తెలియదు. హ్యాడ్ లోపలి క్రియకి కాక ‘హోప్డ్’కే తగిలితే, ‘ఐ హ్యాడ్ హోప్డ్ టు మీట్ యు’, ఆ ఆశ తీరలేదని చెప్పడానికి ఎక్కువగా వాడతారు.

‘ఆస్క్‌డ్’ విషయంలో కాలం మార్చడం అందరూ నేర్చుకుంటారు, పదాల వరస మార్చడం మర్చిపోతారు. ‘ద ఆఫీసర్ ఆస్క్‌డ్ మీ వేర్ ఐ హ్యాడ్ పుట్ ద కీ’. ‘వేర్ హ్యాడ్ ఐ పుట్’ కాదు. అవునా కాదా అన్న ప్రశ్న అయితే మధ్యలో ‘ఇఫ్’: ‘షి ఆస్క్‌డ్ ఇఫ్ ఐ హ్యాడ్ ఈటెన్’.

బయటి క్రియ ‘సేస్’ అయితే వెనక్కి జరపడమే ఉండదు. ‘హి సేస్ హి హ్యాజ్ ఫినిష్డ్’. ‘వుడ్ హ్యావ్’, ‘మస్ట్ హ్యావ్’ అయితే ‘సెడ్’ తర్వాత కూడా మారవు.

ఒక జాగ్రత్త. ‘జరిగిపోయింది’ అన్నాను గానీ, ముందు మొదలై అప్పటికీ సాగుతున్నవీ ఉంటాయి. ఆమె “పదేళ్ళుగా ఇక్కడ పని చేస్తున్నాను” అంది, అంటే ‘ఐ హ్యావ్ వర్క్‌డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్’. దాన్ని ‘షి సెడ్ షి హ్యాడ్ వర్క్‌డ్ దేర్ ఫర్ టెన్ ఇయర్స్’ అని రాస్తాం. ఈ వాక్యం చూసి ఆమె ఉద్యోగం మానేసిందనుకునే వీలుంది. సాగుతోందని తెలియాలంటే ‘హ్యాడ్ బీన్ వర్కింగ్ దేర్’ అంటే కాస్త మేలు. అప్పటికీ అనుమానమైతే ‘అండ్ స్టిల్ డిడ్’ అని ఒక ముక్క కలపండి.

పొడుగు కథనాల్లో

ఒకాయన చెప్పింది పేజీ నిండా రాయాల్సి వస్తే ప్రతి క్రియకీ హ్యాడ్ తగిలించక్కర్లేదు. మొదటి వాక్యంలో ఒకసారి పెడితే చదివేవాడు ఆ కాలంలోకి వెళ్ళిపోతాడు, తర్వాత సింపుల్ పాస్ట్‌లో నడిపించవచ్చు. ఒకే వాక్యంలో వరసగా పనులుంటే ఒక హ్యాడ్ అన్నిటికీ సరిపోతుంది: ‘షి సెడ్ షి హ్యాడ్ వోకెన్ అప్ ఎట్ ఫైవ్, మేడ్ కాఫీ అండ్ గాన్ అవుట్’. హ్యాడ్ కనిపించకపోయినా చివరిది ‘గాన్’గానే ఉండాలి, ‘వెంట్’ కాకూడదు. కథ మళ్ళీ ‘సెడ్’ సమయానికి తిరిగి వచ్చేటప్పుడు ఆ మలుపు తెలిసేలా కొత్త పేరా మొదలుపెట్టండి.

వినేటప్పుడు ఇంకో ఇబ్బంది. మాటల్లో హ్యాడ్ నలిగిపోయి చిన్న ‘డ్’ మాత్రమే మిగులుతుంది. వుడ్ కూడా అలాగే నలుగుతుంది. తర్వాతి క్రియ చూసి తేల్చుకోవాలి. ‘షీడ్ గాన్’ అంటే హ్యాడ్, ‘షీడ్ గో’ అంటే వుడ్. ‘కమ్’, ‘పుట్’, ‘కట్’ లాంటివాటికి వీ వన్, వీ త్రీ ఒకటే కాబట్టి ‘హి సెడ్ హీడ్ కమ్’ అన్నది వచ్చేశాడనీ కావచ్చు, వస్తాననీ కావచ్చు. కాగితం మీద పెట్టేటప్పుడు ఆ ‘డ్’ని విప్పి పూర్తిగా రాయండి.

‘హ్యాడ్ హ్యాడ్’ చూసి భయపడకండి. ‘షి సెడ్ షి హ్యాడ్ హ్యాడ్ ఎ ఫీవర్’ సరైన వాక్యం. మొదటిది కాలం కోసం, రెండోది ‘హ్యావ్’ అనే క్రియకి వీ త్రీ.

ఇక మీరే చేయండి. కింద తెలుగు వాక్యాల్ని ముందు చూసి, ఇంగ్లీషు చేత్తో మూసి రాసుకోండి.

ఫైలు పంపించేశానని చెప్పాడు.
హి సెడ్ హి హ్యాడ్ సెంట్ ద ఫైల్.

ఫైలు పంపిస్తున్నానని చెప్పాడు.
హి సెడ్ హి వజ్ సెండింగ్ ద ఫైల్.

ఫైలు పంపిస్తానని చెప్పాడు.
హి సెడ్ హి వుడ్ సెండ్ ద ఫైల్.

ఫైలు పంపించాననుకున్నాడు.
హి థాట్ హి హ్యాడ్ సెంట్ ద ఫైల్.

ఫైలు పంపించలేదని ఒప్పుకున్నాడు.
హి అడ్మిటెడ్ దట్ హి హ్యాడ్ నాట్ సెంట్ ద ఫైల్.

ఫైలు పంపించారన్న సంగతి తనకి తెలియదన్నాడు.
హి సెడ్ హి డిడ్ నాట్ నో దట్ ద ఫైల్ హ్యాడ్ బీన్ సెంట్.

చివరిదాంట్లో రెండు మెట్లున్నాయి. తెలియకపోవడం అతను మాట్లాడిన క్షణానిది, అందుకే ‘డిడ్ నాట్ నో’. పంపడం అంతకుముందే జరిగిపోయింది, అందుకే ‘హ్యాడ్ బీన్ సెంట్’. ఎవరు పంపారో వాక్యంలో లేదు కాబట్టి ‘బీన్’ వచ్చింది.